తూర్పాయన తిప్పని పెట్టె

సమాధుల తోటకి కాపలాదారు అంటారు గానీ, అక్కడ కాపలా కాయడానికి ఏముంది చెప్పండి? లోపలున్నవాళ్లు బయటికి పోరు, బయటున్నవాళ్లు లోపలికి రావాలని ఉబలాటపడరు. అసలు పని గోతులు తవ్వించడం, కొలతలు చూడడం, పెట్టె దించేటప్పుడు దగ్గరుండి దిక్కు సరిచూడడం. ఆ మూడో పనిలో ఆయన్ని మించినవాడు లేడు. ముప్ఫై ఆరేళ్లలో కొన్ని వందల పెట్టెలు దించాడు. అన్నీ ఒక్కటే వాలు: తల పడమటికి, కాళ్లు తూర్పుకి. అందుకే ఊరంతా ఆయన్ని తూర్పాయన అనేది. సొంత పేరు ఉద్యోగం కాగితాల్లో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు.

ఆయన నమ్మకంలో వంకర టింకర ఉండేది కాదు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడు. కడబూర మోగుతుంది. పడుకున్నవాళ్లంతా లేచి కూర్చుంటారు. తల పడమటికి ఉంటే, లేచి కూర్చోగానే మొహం తూర్పుకి ఉంటుంది, ఎదురుగా ఆయనే. ఇక మెడ తిప్పి వెతుక్కునే పని లేదు. "పొద్దున కళ్లు తెరవగానే బిడ్డకి తల్లి మొహం కనబడాలా వద్దా? ఇదీ అంతే," అనేవాడు. చొక్కా జేబులో గుండ్రటి ఇత్తడి దిక్సూచి ఎప్పుడూ ఉండేది. పాటలు సాగుతున్నా, ప్రార్థన సాగుతున్నా, మోకులు బిగించే ముందు అది తీసి చూడాల్సిందే. పెట్టె అటుదిటు అయిందా, "తిప్పండి!" అని ఒక్క కేక వేసేవాడు. ఆ కేకకి పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఉలిక్కిపడి తిప్పేవారు.

మినహాయింపు ఒక్క పాస్టర్లకే. తోట పడమట ఎత్తుగా మొదలై తూర్పుకి పల్లంగా దిగుతుంది. ఆ కింది చివర, చిన్న గేటు పక్కన, పాత పాస్టరుగారిది ఒక్కటే ఎదురు సమాధి. తల తూర్పుకి, కాళ్లు పడమటికి. కాపరి లేవగానే మంద వైపు చూడాలని అలా పెట్టడం పూర్వం నుంచీ ఉన్న ఆనవాయితీ.

"లేచి హాజరు వేసుకోవాలిగా ఆయన," అని తూర్పాయన భార్య నవ్వేది.

ఆవిడ ఎవరికీ బోధించింది లేదు, వేదిక ఎక్కింది లేదు. పై గేటు పక్కనే వాళ్ల ఇల్లు. అయినవాళ్లని సాగనంపడానికి వచ్చి కాళ్లు నిలవని ఆడవాళ్లని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టేది. మంచినీళ్లిచ్చేది, మొహం తుడుచుకోవడానికి తడి తువ్వాలిచ్చేది. "ఏడు తల్లీ, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు," అనేది. నెల పోయాక వాళ్లే పూలు పట్టుకుని వచ్చి, సమాధి దగ్గరకన్నా ఈవిడ దగ్గరే ఎక్కువసేపు కూర్చునేవారు. అలా కింద పడుకున్నవాళ్ల ముచ్చట్లన్నీ ఆవిడకి నోటికి వచ్చేశాయి. ఎవరు గురక పెట్టేవారో, ఎవరు టీలో చక్కెర లేకపోతే అలిగేవారో, ఎవరు కూతురి పెళ్లికి రానని పంతం పట్టి చివరికి వెనక వరసలో కూర్చుని ఏడ్చారో, అన్నీ తెలుసు. ఒక్కరినీ బతికుండగా చూసింది లేదు.

సాయంత్రం గేటు మూశాక మొగుడూ పెళ్లాం వరండాలో పొడుగుబల్ల ఎక్కేవారు. ఆయన ఈ కొసన, ఆవిడ ఆ కొసన, ఎదురూ బొదురూ, నాలుగు కాళ్లూ మధ్యలో పక్కపక్కన చాపుకుని. ఆవిడ ఆయన పాదాలకి మందు రాసేది, ఆయన ఆవిడ మోకాళ్లు పట్టేవాడు. ఆ మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. ఆవిడ లేవాలంటే ఆయన ముందుకి వంగి రెండు చేతులూ అందించి, "ఊఁ, ఒకటి, రెండు..." అని లాగాలి.

"ఏమండీ, ఆ రోజు కూడా ఇలాగే లాగాలి నన్ను. అందరూ లేచి పోతుంటే నేనొక్కదాన్నే మోకాళ్లు పట్టుకుని కూర్చుండిపోతానేమో."

"అక్కడ కొత్త మోకాళ్లిస్తారే."

"ఇచ్చేలోపు? ముందు లేవాలిగా. చెయ్యి ఇస్తానని మాటివ్వండి."

"ఇచ్చాను పో."

నవ్వులాటగా ఇచ్చిన మాటే. అయినా ఆ మర్నాడు వెళ్లి కింది వరసలో రెండు స్థలాలు పక్కపక్కన కొలిచి, మేకులు పాతి వచ్చాడు. మాటంటే మాటే ఆయనకి.

ఈ ఇంటికి ఇంకో ఇద్దరు మనుషులున్నారు. ఒకడు ఆవిడ తమ్ముడు, వడ్రంగి. పెట్టెలు చేసేది అతనే. తూర్పాయన వెళ్లే పెద్ద ఇటుకల చర్చి వదిలేసి, బజారు వెనక రేకుల హాల్లో కూడుకునే సంఘంలో చేరాడు. వాళ్ల లెక్క వేరు. లోకానికి ఏడేళ్ల శ్రమకాలం రాకముందే, రెప్పపాటులో, నమ్మినవాళ్లు ఆకాశంలోకి ఎత్తబడతారు. ముందు చనిపోయినవాళ్లు లేస్తారు, వెంటనే బతికున్నవాళ్లు. చెప్పులూ బట్టలూ కింద ఉండిపోతాయి. అతని పనికొట్టం గోడ మీద మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా రంగుల్లో గీసిన పటం ఒకటుంది. ప్రతి వార్తకీ అందులో చోటుంది. ఎక్కడ భూకంపం వచ్చినా రంపం పక్కనపెట్టి, "రేపో మాపో వచ్చేస్తాడు బావా," అనేవాడు. ముప్ఫై ఏళ్లుగా అదే మాట. అందరూ అతన్ని రేపోమాపో అనే పిలవసాగారు. నవ్వకండి, పెట్టె మూతకి నాలుగంటే నాలుగే మరమేకులు బిగించేవాడు. ఎందుకయ్యా అంటే, "ఎలాగూ తెరుచుకునేదే కదా, ఎక్కువ ఎందుకు దండగ," అనేవాడు. అతని పెట్టెలు రెండు వైపులా ఒకే వెడల్పు. తల ఎటో తెలియడానికి పక్కచెక్క మీద, తల దగ్గర, ఒక ఇత్తడి బొత్తం కొట్టేవాడు. ఆ గుర్తు అతనికీ బావకీ తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

రెండోది కూతురు. ఆసుపత్రిలో నర్సు. పెళ్లయ్యాక భర్తతో పాటు ఇంకో చర్చికి వెళ్తోంది. అక్కడ, ప్రభువు చేస్తాడని రాసి ఉన్న వెయ్యేళ్ల ఏలుబడి అంటే వేళ్ల మీద లెక్కపెట్టే వెయ్యి కాదు. ఆయన ఇప్పుడే ఏలుతున్నాడు, ఆ ఏలుబడి పిండిలో పులుపులా లోలోపల పాకుతోంది, ఒకనాటికి పూర్తవుతుంది. ఆ పిల్లకి పటాలూ అక్కర్లేదు, దిక్సూచీ అక్కర్లేదు. "మంచం మీద వచ్చినవాడు నడిచి ఇంటికి వెళ్తే, నాకు ఆ పూటకి ప్రభువు రాకడ అదే మావయ్యా," అనేది. మేనమామకి ఒళ్లు మండేది. తూర్పాయన దిక్సూచి బల్ల మీద పెట్టి మధ్యలో దూరేవాడు. ఇక ముగ్గురూ ముగ్గురే. పప్పు మాడినా పట్టించుకునేవారు కాదు.

"ఆయన నిజంగా వచ్చి తలుపు కొట్టినా మీ గొడవలో మీకు వినబడదు. నేనే వెళ్లి తీయాలి," అనేది ఆవిడ. అన్నట్టే, వాళ్లకన్నా ముందు ఆవిడే వెళ్లిపోయింది.

ఆవిడని సమాధి చేసిన రోజు వాన. వాన కాదది, ఆకాశం చిల్లుపడింది. పై గేటు దారంతా బురద కొట్టుకుపోయి నలుగురు మోసుకుని దిగే వీలు లేకపోయింది. చుట్టూ తిరిగి తూర్పున ఉన్న చిన్న గేటులోంచి తెచ్చారు. పెట్టె మీద టార్పాలిన్ కప్పారు. పెట్టె మోసేటప్పుడు ఎప్పుడైనా కాళ్లే ముందు. పై గేటు నుంచి దిగితే కాళ్లు వాటంతటవే తూర్పుకి ఉంటాయి. కింది గేటు నుంచి ఎక్కితే పడమటికి తిరుగుతాయి, కాబట్టి అక్కడ ఒకసారి తిప్పాలి. ముప్ఫై ఆరేళ్లలో కింది గేటు నుంచి ఎన్ని వచ్చినా తూర్పాయన ఒక్కటీ వదల్లేదు. ఆ రోజు మాత్రం మోకు కొస పట్టుకుని నిలబడ్డాడు గానీ, దిక్సూచి జేబులోంచి బయటికి రాలేదు, బొత్తం కోసం చూపు పోలేదు, నోరు పెగల్లేదు. వాన నీళ్లో కంటి నీళ్లో తెలియని దాంట్లోంచి ఆయనకి ఆ గొయ్యి తప్ప ఏమీ కనబడలేదు. దించేశారు.

ఆరు నెలలు గడిచాయి. మట్టి కుదురుకుంది, రాయి నిలబెట్టే సమయం వచ్చింది. రాతి మీద చెక్కించడానికి అమ్మ ఫొటో కావాలని కూతురు పాత ఫొటోలన్నీ వరండాలో బల్ల మీద పరిచింది. వాటిలో సమాధి చేసిన నాటివి కూడా నాలుగున్నాయి, ఎవరో చుట్టాలు తీసినవి. రేపోమాపో టీ తాగుతూ ఒకటి తీశాడు. చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏంట్రా?" అన్నాడు తూర్పాయన.

"ఏం లేదు బావా."

"ఏం లేకపోతే మొహం అలా సున్నం కొట్టినట్టు అయిందేం? ఇలా తే."

ఫొటోలో పెట్టె పక్కవాటుగా కనబడుతోంది, గోతి మీద పలకల పైన. గాలికి టార్పాలిన్ అంచు లేచింది. కుడి కొసన చిన్న గేటు కమ్ములు. అంటే అది తూర్పు. ఆ తూర్పు కొసనే, పక్కచెక్క మీద, ఇత్తడి బొత్తం వాన తడికి మెరుస్తోంది.

తూర్పాయన ఫొటో తిప్పి చూశాడు, మళ్లీ తిప్పాడు. ఎన్నిసార్లు తిప్పినా గేటు గేటు దగ్గరే ఉంది, బొత్తం బొత్తం దగ్గరే ఉంది. ఎవరెవరినో, ఊరూ పేరూ లేనివాళ్లని కూడా, వేలెడు తేడా రాకుండా సరిగ్గా పడుకోబెట్టిన మనిషి, సొంత పెళ్లాన్ని తలకిందులు చేశాడు. లేచి కూర్చోగానే అందరి మొహాలూ ప్రభువు వైపు ఉంటే, దీని వీపు ఉంటుంది. ఏమీ అర్థం కాక, మోకాళ్లు పట్టుకుని, పడమటి చీకట్లోకి చూస్తూ తనని వెతుక్కుంటుంది.

"తవ్వాలి," అన్నాడు. "పైకి తీసి తిప్పాలి."

"నాన్నా!" అంది కూతురు. "ఏం మాట్లాడుతున్నావు? ఆరు నెలలైంది. నేను నర్సుని, నాకు తెలుసు లోపల ఎలా ఉంటుందో. నువ్వు చూడలేవు."

"ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను."

"అమ్మని చూడలేదుగా," అందా పిల్ల. "గింజ నేలలో ఎటు తిరిగి పడినా మొలక పైకే వస్తుంది కదా నాన్నా. గింజని నువ్వు తిప్పి పెడతావా? అమ్మ ఇప్పుడే ఆయన దగ్గరుంది. ఆయనకి ఆవిడ మొహం ఎటుందో తెలియదా?"

"అది నీ చర్చి మాట."

"నా మాట వినండి," అని రేపోమాపో దగ్గాడు. "ఎత్తబడేటప్పుడు పోయేది పైకే గానీ పక్కకి కాదు బావా. దిక్కుతో పనేముంది? పైగా ఇప్పుడు అంత శ్రమ పడి తవ్వినా, రేపో మాపో..."

"నోర్ముయ్!" తూర్పాయన బల్ల మీద చరిచిన చరుపుకి గ్లాసు దొర్లిపోయింది. "ముప్ఫై ఏళ్లుగా రేపో మాపో అంటూ నా బుర్ర తింటున్నావు. ఆ రేపు రాకముందే మీ అక్క పోయింది. వస్తాడు, కాదనను. వచ్చిననాడు అది వెనక్కి తిరిగి కూర్చునుంటే, నీ పటంలో దానికి ఎక్కడుంది చోటు? చూపించు!"

పటం నిండా గుర్రాలున్నాయి, బూరలున్నాయి, మంటలున్నాయి. వెనక్కి తిరిగి కూర్చున్న ఆడమనిషి మాత్రం ఎక్కడా లేదు.

"నేను దానికి మాటిచ్చాను. చెయ్యిస్తానన్నాను," అని తూర్పాయన బల్ల మీద తన కొసన కూలబడ్డాడు. ఎదుటి కొస ఖాళీ. ఆ ఖాళీ చూసి ముగ్గురికీ ఇక వాదించే ఓపిక లేకపోయింది.

తూర్పాయన మర్నాడే ఇటుకల చర్చి పాస్టరుగారి దగ్గరికి వెళ్లాడు. అనుమతి లేకుండా సమాధి తెరవడానికి లేదని అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు ఆయనే. పాస్టరుగారు కుర్రవాడు, నెమ్మదస్తుడు. అంతా విన్నాడు.

"అయ్యా, దిక్కు ముఖ్యమా అని అడిగితే నేను ఒక మాట చెప్తాను, నా గురువుగారు ఇంకో మాట చెప్పేవారు. చదువుకున్నవాళ్లలోనే నలుగురివి నాలుగు దారులు. వస్తాడన్న దగ్గరే అందరం కలుస్తాం." కాగితం తీసుకుని సంతకం చేసి, ఆరోగ్య శాఖ వాళ్లకి చూపించాల్సిన ఉత్తరం కూడా జత చేసి ఇచ్చాడు. "ఇది మీ దగ్గర ఉంచుకోండి. తిప్పడమా మానడమా, అది మీ ఇష్టం. నేను ఆపను."

తూర్పాయన ఆయన అడ్డు చెప్తారని, పోట్లాడాలని సిద్ధపడి వెళ్లాడు. పోట్లాటే లేకపోయేసరికి ఆ కాగితం చేతిలో రాయంత బరువైంది.

కాగితాల మీద ముద్రలన్నీ పడ్డాక ఒక పొద్దున, ఇంకా వెలుగు సరిగ్గా విచ్చుకోకముందే, ముగ్గురూ తోటలో దిగారు. తూర్పాయన భుజాన గడ్డపార, పార. కూతురు వద్దు వద్దంటూనే చేతి తొడుగులు, కొత్త దుప్పటి, ఫ్లాస్కులో టీ తెచ్చింది. రేపోమాపో జేబులో స్క్రూడ్రైవరు.

"నాలుగేగా," అన్నాడు గొణుగుతూ. "తొందరగానే వస్తాయి." అంటూనే ఏడ్చాడు. ఎంత వాదించినా ఆవిడ అతని అక్క కదా మరి.

కింది వరసలో రెండు స్థలాలు. ఒకదాని మీద మట్టి మెత్తగా సర్దుకుని పచ్చిక మొలిచింది. పక్కది ఖాళీగా, నాలుగు మూలలా మేకులతో ఉంది. తూర్పాయన తాడు కట్టాడు, దిక్సూచి తీశాడు, ఈసారి చూడాల్సినట్టు చూశాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది. తల తూర్పున ఉంది కాబట్టి తవ్వడం అటు నుంచే మొదలుపెట్టాలి. చిన్న గేటుకి వీపు పెట్టి, భార్య తల దగ్గర నిలబడి, గడ్డపార ఎత్తాడు.

ఒక్క పోటు వేశాడు. మట్టి పెళ్ల లేచింది. రెండోది ఎత్తాడు.

అప్పుడే వెనక పొద్దు పొడిచింది. వీపుకి వెచ్చదనం తగిలింది. తన నీడ సన్నగా, పొడుగ్గా, సమాధి మీదుగా పాకి పైకి పోయింది. ఆ నీడ ఎటు పోతోందా అని తలెత్తాడు.

తలెత్తినవాడు మళ్లీ దించలేదు.

ఇన్నేళ్లూ పొద్దున్నే తోటలో అడుగుపెట్టిన మనిషే ఆయన. కానీ ఎప్పుడూ పై గేటు నుంచి దిగేవాడు, తూర్పుకి మొహం పెట్టి, ఎండ కళ్లలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆయనకి కనబడేవి రాళ్ల వీపులు. దగ్గరికెళ్లి ఒక్కొక్క రాయీ చదివాడు, తుడిచాడు, ఒరిగితే నిలబెట్టాడు. అన్నిటినీ కలిపి, ఈ వేళప్పుడు, ఈ కింద నుంచి ఎన్నడూ చూసి ఎరగడు.

పల్లం నుంచి మిట్ట దాకా, వరస మీద వరస, వందల రాళ్లు. ప్రతి రాయి మొహమూ ఇటే. ప్రతి పేరు మీదా వెలుగు. మిట్ట మీది పాత రాళ్లు, అక్షరాలు సగం చెరిగినవి, అంటుకున్నట్టు ఎర్రబడ్డాయి. అక్కడి నుంచి ఆయన చూపు మెట్టు మెట్టుగా దిగింది. తను ఉద్యోగంలో చేరిన ఏడు దించిన కవలపిల్లల చిన్న రాయి. రైలు పట్టాల పనివాడిది. పెళ్లికి రానని పంతం పట్టిన తండ్రిది. గురకాయనది. టీలో చక్కెర కావాలన్న ముసలమ్మది. అందరూ, ఒక్కరూ తప్పకుండా, తను తిప్పించి మరీ పడుకోబెట్టినవాళ్లు, ఇటే చూస్తున్నారు. ఇప్పుడే లేచి కూర్చున్నట్టు, ఇంకా మాట పెగలనట్టు.

గడ్డపార చేతిలోంచి జారి మట్టిలో పడింది. పోయినవాళ్లని చూసి ఆయన ఏనాడూ భయపడలేదు, ఇప్పుడూ అది భయం కాదు. ఆకాశమంత తలుపు ఎవరో తీస్తుంటే గడప మీద నిలబడినట్టుంది. ఊపిరి గట్టిగా పీల్చాలన్నా బెదురు.

"దేవా," అన్నాడు.

రేపోమాపో ఎప్పుడు విప్పాడో గానీ చెప్పులు విప్పేసి, పచ్చిక మీద వట్టికాళ్లతో నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లుగా గోడ మీద రంగుల్లో చూసుకున్నది, రంగులు లేకుండా ఎదురుగా ఉంది. "బావా, ఇంతమందా?" అన్నాడు గుసగుసగా. "ఇంతమందినా మనం... నేను చేసినవేనా ఇవన్నీ?" కూతురు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, కన్నీళ్లు కారిపోతుంటే తుడుచుకోకుండా చూస్తోంది. మిట్ట నుంచి కింది వరస దాకా అంతా వెలుగే.

ఎవరి లెక్కలో అది ఏమిటో ఎవరూ అడగలేదు. ఆ కాసేపూ ముగ్గురికీ ఒక్కటే తోట.

"అది చూసేది ఇదన్నమాట," అన్నాడు చివరికి తూర్పాయన. "నేను చీకట్లోకి చూస్తుందనుకున్నాను. ఒరేయ్, ఆయన వెలుగు వెనక నుంచి వస్తుంటే, ఇందరి మొహాల మీదా పడుతుంటే, మొట్టమొదట చూసేది మీ అక్కరా. ఒక్కొక్కళ్లనీ గుర్తుపడుతుంది చూడు. బతికుండగా చూడలేదని ఎంత ఇదైపోయేదో."

"హాజరు వేస్తుంది," అంది కూతురు, ఏడుస్తూనే నవ్వుతూ.

"వేస్తుంది, వేస్తుంది. పాస్టరుగారికి పని తప్పింది."

కానీ నవ్వు ఆయన మొహం మీద నిలవలేదు. పక్కనున్న ఖాళీ స్థలం వైపు చూశాడు. అంతా బాగానే ఉంది, మరి ఇచ్చిన మాటో? పక్కపక్కన పడుకుని, ఒకరు అటూ ఒకరు ఇటూ తిరిగి లేస్తే, చెయ్యి ఎలా అందుతుంది? చాలాసేపు ఆ నాలుగు మేకుల కేసే చూశాడు. తర్వాత వెళ్లి, తన స్థలంలో పడమటి కొసన, తన తల ఉండబోయే చోట నేల మీద చతికిలబడ్డాడు. కాళ్లు తూర్పుకి చాపాడు.

"అమ్మాయ్, ఇలా రా. మీ అమ్మ తల దగ్గర కూర్చో. ఊఁ, అక్కడే. కాళ్లు ఇటు చాపు."

"నాన్నా, ఏంటిది..."

"కూర్చో తల్లీ. చెప్తాను."

ఆ పిల్ల గేటు వైపు వీపు పెట్టి కూర్చుంది, కాళ్లు చాపింది. తండ్రి కాళ్లూ కూతురి కాళ్లూ మధ్యలో పక్కపక్కన ఆగాయి. ఆ పిల్ల వెనక సూర్యుడు. మొహం సరిగ్గా కనబడడం లేదు. తల వంపు, భుజాలు, చెవి పక్కన ఎగిరే వెంట్రుకలు, అన్నీ తల్లివే.

"ఏం కనబడుతోంది నీకు?"

"నువ్వు కనబడుతున్నావు నాన్నా. ఇంకేం..." అంటూ ఆగిపోయింది. ఎక్కడ కూర్చున్నారో ఇద్దరికీ ఒక్కసారే తెలిసింది. వరండాలో పొడుగుబల్ల. ఆయన ఈ కొసన, ఆవిడ ఆ కొసన.

తూర్పాయన ముందుకి వంగి రెండు చేతులూ చాపాడు. కూతురు అందుకుంది.

"ఊఁ," అన్నాడు. "ఒకటి, రెండు..."

లాగాడు. ఆ పిల్ల లేచి నిలబడింది. కూతురితో పాటే ఆయనా లేచాడు.

"ఇదేరా!" అని బావమరిది వైపు తిరిగి అరిచినంత పని చేశాడు. "పక్కన ఒకే వైపు తిరిగి పడుకుంటే నేను దాన్ని ఎలా లాగుతాను? వీలే లేదు! ఎదురుగా ఉంటేనే చెయ్యి అందేది. ఇన్నేళ్లు కొలతలు కొలిచిన వెధవని, ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. నా తప్పు అనుకుంటూ కుమిలి చచ్చాను." తర్వాత అరుపు తగ్గి, మాట మెత్తబడింది. "దించిన చేతులు నావే. ఎవరు పట్టుకుని దించారో మరి, ఆయనకే తెలియాలి."

పెళ్ల లేచిన చోట మట్టి తిరిగి కప్పి, అరచేత్తో తట్టి, పచ్చిక సర్దాడు. పాస్టరుగారి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రాయి తూర్పు కొసన నిలబెట్టాలనీ, మొహం మిట్ట వైపు ఉండాలనీ చెప్పాడు. రేపోమాపో స్క్రూడ్రైవరు తుడిచి దాచుకున్నాడు.

"ఇదిగో, నా పెట్టెకి కూడా బొత్తం కొట్టు. నాలుగు మరమేకులు చాలు."

"నీ పెట్టె చేసే పని నాకు పడదు బావా. ఆలోపే, రేపో మాపో..."

"వస్తే మంచిదే కదరా, అంతకన్నానా," అన్నాడు తూర్పాయన. మొదటిసారి ఆ మాటకి ఆయనకి కోపం రాలేదు.

ఫ్లాస్కులో టీ ముగ్గురూ తాగారు. తర్వాత ఆయన జేబులోంచి దిక్సూచి తీసి, చొక్కా అంచుతో అద్దం తుడిచి, కూతురి అరచేతిలో పెట్టి వేళ్లు మూశాడు. దిక్కులతో పని లేదనే ఆ పిల్ల ఈసారి వాదించలేదు.

"నీ దగ్గరుంచు అమ్మాయ్. ఆ రోజు వానైనా సరే, ఎంత ఏడుపొచ్చినా సరే, ఒకసారి తీసి చూడు. నన్ను అటుదిటుగా దించితే, 'తిప్పండి' అని అరవడానికి నేనుండను. మీ అమ్మ అటు కూర్చుని చేతులు చాపుకుని ఉంటుంది."

"అరుస్తాను నాన్నా," అంది కూతురు.